చిమ్నీ ఎత్తు పెంచితే గంధకం పోదు

2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో బంకుల్లో అమ్మే డీజిల్‌లో గంధకం 10 పీపీఎం దాటకూడదు. అంటే టన్ను డీజిల్‌లో 10 గ్రాములు. అదే ముడి చమురు నుంచి, అదే శుద్ధి కర్మాగారంలో తయారై ఫ్యాక్టరీ బాయిలర్‌కు వెళ్లే ఫర్నేస్ ఆయిల్ సంగతి వేరు. 1982 నాటి భారత ప్రమాణం గ్రేడును బట్టి 3.5 నుంచి 4.5 శాతం దాకా గంధకాన్ని అనుమతించింది. టన్నుకు 35 నుంచి 45 కిలోలన్నమాట. కారు పొగ, లారీ పొగ విషయంలో అంత పట్టుదల చూపిన ప్రభుత్వాలు ఫ్యాక్టరీలో కాలే చమురు దగ్గరికి వచ్చేసరికి మెత్తబడ్డాయి.

దీనికి మూలం శుద్ధి కర్మాగారంలోనే ఉంది. ముడి చమురును వేడిచేసి ఆవిరిగా పైకి పంపితే తేలికైన భాగాలు ముందు విడిపోతాయి. గ్యాస్, పెట్రోలు, కిరోసిన్, డీజిల్ అలా వస్తాయి. అడుగున నల్లగా, చిక్కగా ఒక మడ్డి మిగులుతుంది. ముడి చమురులోని గంధకం ఎక్కువగా బరువైన అణువులను పట్టుకుని ఉంటుంది కాబట్టి పైవాటిని తీసేకొద్దీ అది అడుగు మడ్డిలో పేరుకుంటుంది. వెనేడియం, నికెల్ లాంటి లోహాలదీ ఇదే దారి. ఆ మడ్డికి కాస్త పల్చటి నూనె కలిపితే ఫర్నేస్ ఆయిల్ తయారవుతుంది. గల్ఫ్ దేశాల నుంచి వచ్చే చమురుల్లో గంధకం ఎక్కువ. ముంబై దగ్గర సముద్రంలో దొరికే బాంబే హై చమురులో చాలా తక్కువ. మనం బయటి నుంచి కొనేది ఎక్కువగా గంధకం ఎక్కువున్న రకమే.

బాయిలర్‌లో జరిగే లెక్కలో తికమక ఏమీ లేదు. ఒక కిలో గంధకం కాలితే రెండు కిలోల సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. 3.5 శాతం గంధకం ఉన్న ఫర్నేస్ ఆయిల్ ఒక టన్ను కాల్చితే 70 కిలోలు. బర్నర్ ఎంత మంచిదైనా, ఆపరేటర్ ఎంత నేర్పరైనా ఈ అంకె దాదాపు మారదు. మసి అలా కాదు. గాలి సరిగ్గా అందిస్తే మసి తగ్గుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా మంట వేడిని అదుపులో పెడితే కొంత తగ్గుతాయి. గంధకం మాత్రం కూరలో పడ్డ ఉప్పు లాంటిది, వేసింది వేసినట్టే ఉంటుంది. అందుకే పారిశ్రామిక చమురు పొగను అదుపు చేయడానికి దారులు చాలా తక్కువ: గంధకం తక్కువున్న చమురు కాల్చాలి, లేదా పొగను కడగాలి, లేదా చమురే మానేసి గ్యాస్‌కో విద్యుత్తుకో మారాలి. చిమ్నీని ఇంకా పైకి లేపడమనే మరో పద్ధతి కూడా చాలాకాలం చెలామణి అయింది. దాంతో ఏం జరుగుతుందో బాధాకరంగా తెలుసుకున్న దేశం జపాన్.

జపాన్‌లో ఇసె అఖాతం ఒడ్డున యొక్కైచి అనే పట్టణం ఉంది. యుద్ధకాలంలో నౌకాదళం ఇంధన డిపో నడిపిన స్థలంలో 1959లో పెట్రోకెమికల్ సముదాయం పని మొదలుపెట్టింది. చమురు శుద్ధి కర్మాగారం, దాని పక్కనే థర్మల్ విద్యుత్ కేంద్రం, వాటిని ఆనుకుని రసాయన పరిశ్రమలు వరసగా వచ్చాయి. అన్నిట్లోనూ కాలేది మధ్యప్రాచ్యం నుంచి తెచ్చిన చమురు మడ్డే. దానిలో గంధకం 3 శాతం దాకా ఉండేది. సముదాయానికి నది అవతల ఇసొజు అనే జాలరి పల్లె ఉంది. చలికాలంలో వాయవ్యం నుంచి వీచే గాలి పొగనంతా ఆ పల్లె మీదికి తోసేది. రెండేళ్లు తిరక్కముందే ముసలివాళ్లలో, పిల్లల్లో ఉబ్బసం విపరీతంగా పెరిగింది. ఆ జబ్బుకు ఊరి పేరే పెట్టారు, యొక్కైచి ఉబ్బసం అని. 1965లో పట్టణ పాలకులు రోగులకు ఉచిత వైద్యం మొదలుపెట్టాల్సి వచ్చింది.

ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చోలేదు. 1962లో పొగ నియంత్రణకు చట్టం తెచ్చింది. అయితే అది చిమ్నీ నుంచి వచ్చే పొగలో సల్ఫర్ డయాక్సైడ్ గాఢతకే పరిమితి పెట్టింది. ఆ పరిమితి ఎంత ఉదారమైనదంటే, 3 శాతం గంధకమున్న చమురును ఏ జాగ్రత్తా లేకుండా కాల్చినా దాటేది కాదు. కంపెనీలు నిబంధన పాటిస్తున్నట్టే లెక్క. ఊపిరాడనివాళ్లకు ఊపిరి ఆడలేదు.

తర్వాత ఎత్తైన చిమ్నీల వంతు వచ్చింది. 1968 నాటి వాయు కాలుష్య నియంత్రణ చట్టం ప్రతి చిమ్నీకీ అది వదలగల గంధక ఆక్సైడ్ల పరిమాణాన్ని ఒక సూత్రం ప్రకారం నిర్ణయించింది. దాన్ని కె-విలువ పద్ధతి అంటారు. పొగ చేరే ఎత్తు వర్గానికి అనులోమంగా అనుమతి పెరుగుతుంది. అంటే పొగ రెండింతలు ఎత్తుకు వెళ్తే నాలుగింతలు వదలొచ్చు. భౌతికశాస్త్రపరంగా ఇందులో తప్పు లేదు. ఎత్తునుంచి వదిలిన పొగ నేలకు దిగేలోపు పల్చబడుతుంది. చిమ్నీలు లేచాక ఇసొజులో ఒక్కసారిగా కమ్ముకునే దట్టమైన పొగ తగ్గింది కూడా. కానీ ఆ గంధకమంతా ఎక్కడికి పోతుంది? అంతకుముందు పెద్దగా ఇబ్బంది పడని దూరపు బస్తీల మీదికి విస్తరించింది. చిమ్నీ ఒక్కటే ఉంటే సూత్రం పనిచేసేదేమో. పదుల చిమ్నీలు ఒకే ఆకాశంలోకి వదులుతుంటే దేనికది నిబంధన లోపలే ఉంటుంది, మొత్తం కలిసి ఊరిని ముంచుతుంది.

1967 సెప్టెంబరులో ఇసొజుకు చెందిన తొమ్మిది మంది రోగులు ఆరు కంపెనీల మీద దావా వేశారు. తీర్పు వచ్చేలోపే వారిలో ఇద్దరు చనిపోయారు. 1972 జులై 24న కోర్టు రోగుల పక్షాన తీర్పు చెప్పింది. ఏ కంపెనీ పొగ ఏ రోగి ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందో విడివిడిగా నిరూపించనక్కర్లేదు, ఒకేచోట కలిసి నడిచే పరిశ్రమలు కలిసే బాధ్యత వహించాలి అంది. ప్రభుత్వ పరిమితులు పాటించామన్న వాదన వారిని కాపాడలేదు. మనుషుల ప్రాణానికి, ఆరోగ్యానికి ముప్పని తెలియగల కాలుష్యం విషయంలో ఖర్చు చూసుకోకుండా ప్రపంచంలో దొరికే మేలైన సాంకేతికతను వాడి తీరాలని కూడా స్పష్టం చేసింది. యాభై ఏళ్లు దాటాక కూడా ఈ మాటలకు పదును తగ్గలేదు.

అసలు మార్పు ఆ తర్వాతే వేగం అందుకుంది. యొక్కైచి ఉన్న మియె ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటి పాలనా ప్రాంతం) 1972లోనే మొత్తం పరిమాణం మీద పరిమితి పెట్టింది. ఈ ప్రాంతపు గాలి ఇంత గంధకాన్ని మాత్రమే తట్టుకోగలదని ముందు లెక్కగట్టి, ఆ మొత్తాన్ని ఫ్యాక్టరీలకు పంచే పద్ధతి అది. 1974లో దేశ చట్టం దాన్ని స్వీకరించింది. ఎత్తు పెంచుకుని తప్పించుకునే దారి మూసుకుపోవడంతో కంపెనీలకు గంధకాన్ని నిజంగా తగ్గించడం తప్ప గత్యంతరం లేకపోయింది. అందుకు దారులు అంతకుముందే మొదలయ్యాయి. 1967లోనే చీబా శుద్ధి కర్మాగారంలో మడ్డి నుంచి నేరుగా గంధకాన్ని తీసే యూనిట్ మొదలైంది. ఇండోనేషియా నుంచి గంధకం తక్కువున్న చమురు తెప్పించారు. 1969లో అలాస్కా నుంచి ద్రవీకృత సహజవాయువు ఓడల్లో రావడం మొదలైంది. పెద్ద బాయిలర్లకు పొగను కడిగే యంత్రాలు పెట్టారు. 1973లో చేసిన చట్టం ప్రకారం వదిలే గంధక ఆక్సైడ్ల పరిమాణాన్ని బట్టి కంపెనీల నుంచి రుసుము వసూలు చేసి రోగులకు పరిహారం ఇచ్చారు. గంధకం వదలడం మొదటిసారి ఖర్చుతో కూడిన వ్యవహారమైంది. 1976 నాటికి యొక్కైచి గాలి దేశ ప్రమాణాన్ని అందుకుంది.

యొక్కైచి గురించి ఇంత చెప్పుకోవడానికి కారణం మన దేశంలోనే ఉంది. ఇక్కడ బాయిలర్ పెట్టే ఎవరికైనా కాలుష్య నియంత్రణ మండలి చిమ్నీ ఎత్తుకు ఒక సూత్రం ఇస్తుంది. గంటకు వెలువడే సల్ఫర్ డయాక్సైడ్ కిలోలను 0.3 ఘాతానికి తీసుకుని 14తో గుణించాలి. గంటకు ఒక టన్ను ఫర్నేస్ ఆయిల్ కాల్చే బాయిలర్‌నే తీసుకుంటే, 3.5 శాతం గంధకంతో 70 కిలోలు వస్తుంది, చిమ్నీ సుమారు 50 మీటర్లు ఉండాలి. అదే 1 శాతం చమురైతే 20 కిలోలు, ఎత్తు సుమారు 34 మీటర్లు. ఇప్పుడు వెనక్కి చూస్తే అసలు విషయం తెలుస్తుంది. గంధకాన్ని రెట్టింపు చేసినా చిమ్నీ 23 శాతం మాత్రమే పెరుగుతుంది. 50 మీటర్లది 62 మీటర్లు చేస్తే 140 కిలోలకు సూత్రం ఒప్పుకుంటుంది. ఒకసారి కట్టేసిన పన్నెండు మీటర్ల కాంక్రీటు ఖర్చు, ఏడాది పొడవునా చవక చమురు కొనడంలో మిగిలే డబ్బు ముందు ఏపాటి? చిమ్నీ కనీస ఎత్తుకు ఈ సూత్రం ఉండాల్సిందే, పక్క ఇళ్ల మీద పొగ పడకుండా అది కాపాడుతుంది. గంధకాన్ని తగ్గించమని మాత్రం అది ఎవరికీ చెప్పదు.

ఎత్తుకు పోయిన సల్ఫర్ డయాక్సైడ్ పోయినట్టూ కాదు. గాలిలో కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల్లో అది సల్ఫేట్‌గా మారుతుంది. పొలాల నుంచి, పశువుల నుంచి వచ్చే అమ్మోనియాతో కలిసి అమ్మోనియం సల్ఫేట్ అనే సన్నని కణాలవుతుంది. మన నగరాల గాలిలోని పీఎం 2.5లో, అంటే 2.5 మైక్రాన్ల లోపు కణాల్లో, ఇవి ముఖ్యమైన భాగం. వందల కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. మన ప్రమాణం ప్రకారం 24 గంటల సగటు సల్ఫర్ డయాక్సైడ్ ఘనపు మీటరుకు 80 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన సూచన 40. మన నగరాల్లో చాలావాటిలో ఈ వాయువు అంకె ప్రమాణం లోపలే కనిపిస్తుంది, దాంతో గంధకం సమస్య తీరిపోయిందని అనుకుంటారు. వాయువుగా తగ్గినది కణంగా ఇంకో లెక్కలో చేరిందని చూడకపోతే ఆ అంకె మోసం చేస్తుంది.

మరి హద్దు ఎక్కడ పెట్టాలి? చిమ్నీ కొస దగ్గరా, చమురు ట్యాంకు దగ్గరా? రెండూ గణితపరంగా ఒకటే. 1 శాతం గంధకమున్న చమురు కాలితే, పొగలో ఆక్సిజన్ 3 శాతం ఉన్నట్టు లెక్కిస్తే, ఘనపు మీటరుకు సుమారు 1700 మిల్లీగ్రాముల సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. 3.5 శాతం చమురుకైతే దాదాపు 6000. యూరప్ 1999లో తెచ్చిన నిబంధన ఈ రెంటినీ కలిపింది. 2003 జనవరి 1 నుంచి 1 శాతం మించిన బరువైన ఇంధన చమురు వాడకూడదు, వాడాలంటే పొగను కడిగి 1700 లోపు ఉన్నట్టు చూపాలి అంది. మన దేశం 2008లో చమురు శుద్ధి కర్మాగారాలకు పెట్టిన పరిమితుల్లోనూ ఇదే అంకె కనిపిస్తుంది. ద్రవ ఇంధనం కాల్చే పాత ఫర్నేసులకు 1700, కొత్తవాటికి 850.

శుద్ధి కర్మాగారం లాంటి పెద్ద సంస్థకు చిమ్నీ పరిమితి సరిపోతుంది. అక్కడ రోజంతా కొలిచే మీటర్లుంటాయి, అర్థం చేసుకునే ఇంజినీర్లుంటారు. ఊరి చివర రోలింగ్ మిల్లు, తారు కలిపే ప్లాంటు, చిన్న రసాయన యూనిట్ సంగతి వేరు. పొగను కడిగే స్క్రబ్బర్‌కు కాస్టిక్ సోడా కావాలి, పంపుకు కరెంటు కావాలి, మురుగు నీటికి ఒక దారి కావాలి. ఏడాదికి కొన్నిసార్లు వచ్చే తనిఖీ రోజున నడిపి మిగతా రోజులు ఆపేస్తే ఎవరికి తెలుస్తుంది? చమురులో గంధకం అలా కాదు. అది తయారయ్యే చోట్లు దేశం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. డిపోలో, ట్యాంకర్‌లో ఒక సీసా నమూనా తీసి ప్రయోగశాలకు పంపితే రాత్రి కాల్చేదీ పగలు కాల్చేదీ ఒకేసారి తెలిసిపోతుంది. చిన్న పరిశ్రమలు ఎక్కువగా ఉన్న మన దేశంలో పరిమితిని ముందు చమురు మీదే పెట్టాలనడానికి ఇంతకన్నా బలమైన కారణం అక్కర్లేదు.

మన దగ్గర ఈ పని ప్రభుత్వం కన్నా ముందు కోర్టు చేసింది. ఢిల్లీలో ఫర్నేస్ ఆయిల్ మీద, చమురు మడ్డి నుంచి వచ్చే బొగ్గులాంటి పెట్‌కోక్ మీద 1996 నుంచే నిషేధం ఉన్నా చుట్టుపక్కల రాష్ట్రాల్లో వాటిని యథేచ్ఛగా కాల్చేవారు. సుప్రీంకోర్టుకు నివేదించిన ఈపీసీఏ (పర్యావరణ కాలుష్య నివారణ, నియంత్రణ సంస్థ) ఆ ప్రాంతపు నమూనాలు పరీక్షిస్తే ఫర్నేస్ ఆయిల్‌లో 15,000 నుంచి 23,000 పీపీఎం, పెట్‌కోక్‌లో దాదాపు 70,000 పీపీఎం గంధకం తేలింది. పరిశ్రమలకు సల్ఫర్ డయాక్సైడ్ పరిమితులు ఇంకా నిర్ణయించలేదని కోర్టు 2017 అక్టోబరు 24న పర్యావరణ మంత్రిత్వ శాఖకు 2 లక్షల రూపాయల జరిమానా వేసి, నవంబరు 1 నుంచి ఉత్తరప్రదేశ్, హర్యానా, రాజస్థాన్‌లలో ఈ రెండు ఇంధనాలనూ ఆపేసింది. 2018 జనవరిలో పలు పరిశ్రమలకు పరిమితులు వచ్చాయి. జాతీయ రాజధాని ప్రాంతంలో 2023 నుంచి ఆమోదిత ఇంధనాల జాబితాలో ఉన్నవే కాల్చాలి. మిగతా రాష్ట్రాలనూ ఇలాంటి నిషేధం గురించి ఆలోచించమని కోర్టు 2017లోనే కోరింది. ఢిల్లీ చుట్టూ పడిన అడుగు పటాన్‌చెరు, గాజువాక లాంటి చోట్ల ఎందుకు పడకూడదో ఎవరూ సరైన కారణం చెప్పలేరు.

డబ్బు లెక్క మాత్రం పరిశ్రమ చెవిలో వేరే మాట చెబుతోంది. ఫర్నేస్ ఆయిల్ జీఎస్టీ పరిధిలో ఉంది. 18 శాతం పన్ను కట్టినా దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకోవచ్చు. సహజవాయువును జీఎస్టీ బయట ఉంచారు. దాని మీద కట్టే వ్యాట్‌కు అలాంటి క్రెడిట్ లేదు. అంటే శుభ్రమైన ఇంధనం మీద కట్టిన పన్ను ఖర్చుగా మిగిలిపోతుంది, మురికి ఇంధనం మీద కట్టింది తిరిగొస్తుంది. గ్యాస్ పైపులైను గేటు ముందు నుంచే వెళ్తున్నా యజమాని ట్యాంకర్ కోసం ఎదురుచూస్తే తప్పు అతనిదొక్కడిదే అనలేం.

ఆ యజమాని చూడని లెక్క ఇంకొకటి ఉంది. గంధకంలో కొద్ది భాగం సల్ఫర్ ట్రయాక్సైడ్‌గా మారి, పొగ సుమారు 130–150 డిగ్రీల కన్నా చల్లబడితే సల్ఫ్యూరిక్ ఆమ్లంగా లోహం మీద చేరుతుంది. పొగ వేడితో నీటిని వేడిచేసే ఎకనమైజర్ గొట్టాలు, చిమ్నీ లోపలి రేకులు తినేసుకుపోతాయి. ఆ భయంతోనే పొగను వేడిగానే బయటికి వదిలేస్తారు. పొగ ఉష్ణోగ్రత 22 డిగ్రీలు తగ్గిస్తే బాయిలర్ సామర్థ్యం సుమారు 1 శాతం పెరుగుతుందన్నది ఈ రంగంలో అందరికీ తెలిసిన లెక్క. గంధకం తక్కువున్న ఇంధనంతో ఆ వేడిని రాబట్టుకోవచ్చు. ధరలో తేడా అంతా దీనివల్ల పూడకపోవచ్చు, కానీ కొంత తిరిగొస్తుంది.

2020 జనవరి 1న ఓడల ఇంధనంలో గంధకం పరిమితి 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గింది. స్క్రబ్బర్ లేని ఓడలు ఇక గంధకం ఎక్కువున్న మడ్డిని కాల్చలేవు. సముద్రం మీద వద్దన్న చమురు చవకై నేల మీద నిబంధనలు వదులుగా ఉన్న చోటు వెతుక్కోవడం వ్యాపారానికి సహజం. దేశంలో చమురు ప్రమాణాన్ని బిగించకపోతే ఆ చోటు మనదే అవుతుంది. టైర్లను వేడిచేసి తీసే నూనె కూడా ఫర్నేస్ ఆయిల్‌కు బదులుగా అమ్ముడవుతోంది. రబ్బరును గట్టిపరచడానికే గంధకం కలుపుతారు, కాబట్టి ఆ నూనెలోనూ సుమారు 1 శాతం ఉంటుంది. శుద్ధి కర్మాగారం గేటు దాటని ఈ నూనెలకు తనిఖీ అమ్మకం దగ్గరే పెట్టాలి.

మడ్డి నుంచి గంధకం తీయడం సాధ్యమే, చవక మాత్రం కాదు. దాదాపు 400 డిగ్రీల వేడిలో, వంద వాతావరణాలను మించిన పీడనంలో, ఉత్ప్రేరకం మీదుగా హైడ్రోజన్ పంపాలి. మడ్డిలోని వెనేడియం ఆ ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తుంది, మారుస్తూ ఉండాలి. బయటికి వచ్చిన హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పసుపుపచ్చని గంధకంగా మార్చి అమ్ముతారు. ఫాస్ఫేట్ ఎరువులకు కావాల్సిన సల్ఫ్యూరిక్ ఆమ్లం దానితోనే తయారవుతుంది. విశాఖలో ఉన్న ఎరువుల కర్మాగారానికి అది ముడిసరుకు. గాలిలో పోతే జబ్బు చేసే పదార్థం పొలానికి ఎరువుగా వెళ్తుంది. మడ్డిని విరగ్గొట్టి డీజిల్‌గా మార్చే యూనిట్లూ వస్తున్నాయి, విశాఖ హెచ్‌పీసీఎల్ విస్తరణలో అలాంటిది ఒక భాగం. అవి పెరిగేకొద్దీ ఫర్నేస్ ఆయిల్ ఉత్పత్తే తగ్గుతుంది.

విశాఖ విషయంలో చమురు ప్రమాణం ఒక్కటే చాలదు. ముందు ఓడరేవు, 1957 నుంచి శుద్ధి కర్మాగారం, తర్వాత ఎరువులు, ఉక్కు, అన్నీ కొండల మధ్య గిన్నెలాంటి చోట చేరాయి. ఒక పక్క యారాడ కొండ, మరో పక్క సింహాచలం కొండలు. గాలి కదలని రోజుల్లో పొగ ఆ గిన్నెలోనే ఉండిపోతుంది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో విశాఖనూ, పటాన్‌చెరు–బొల్లారంనూ చేర్చింది. ఇలాంటి చోట చిమ్నీకి ఒక అంకె చొప్పున అనుమతులు ఇచ్చుకుంటూ పోతే 1960ల యొక్కైచి లెక్కే మళ్లీ వేసినట్టు. మల్కాపురం నుంచి గాజువాక దాకా ఉన్న పరిశ్రమలన్నీ కలిసి రోజుకు ఎన్ని కిలోల సల్ఫర్ డయాక్సైడ్ వదలొచ్చో ముందు తేల్చాలి. కొత్త యూనిట్‌కు అనుమతి కావాలంటే పాతవి అన్ని కిలోలు తగ్గించినట్టు చూపాలి, ఆ లెక్క ప్రతి నెలా జనానికి కనిపించేలా పెట్టాలి.